కామాటిపుర నుంచి కార్మిల్లాను చదవడం



ధారావిలో, తెలుగువాళ్ల సభలో, రక్తపిశాచుల మీద ఉపన్యాసం ఏమిటని ఆహ్వానపత్రిక చూసిన పెద్దలు ఒకరిద్దరు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. ఎవరి పేరు మీద ఈ స్మారకోపన్యాసం జరుగుతోందో ఆ మాస్టారు మునిసిపల్ తెలుగు బడిలో పాఠాలు చెప్పారు. సాయంత్రాలు చాల్ వరండాలో పిల్లల్ని కూర్చోబెట్టుకుని చందమామ మొదలు షేక్‌స్పియర్ దాకా ఏది దొరికితే అది చదివించారు. ఇది మనది కాదంటూ ఏ పుస్తకాన్నీ ఆయన పక్కన పెట్టలేదు. ఆ ధైర్యంతోనే ఈ విషయం ఎత్తుకున్నాను.

పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు పిశాచి కథల్లో ఆడమనిషి ఆడమనిషినే కోరుకోవడం, మగవాడు మగవాడి మీద మనసు పడటం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. పట్టపగలు మాత్రం కనిపించదు. వెన్నెల, పొగమంచు, అడవి మధ్య కోట, లోపల గడియ పెట్టిన గది, సగం నిద్ర, సగం మెలకువ. ఇవన్నీ ఉంటేనే ఆ కోరిక బయటికొస్తుంది. ఈ వాతావరణాన్ని చాలాకాలం పాఠకుణ్ణి భయపెట్టే హంగుగానే చూశారు. నా అభిప్రాయం వేరు. పగటిపూట నోరు విప్పలేని ప్రేమకు ఆ రచయితలు అద్దెకిచ్చిన గది అది. అద్దె ప్రాణంతో చెల్లించాలి. కథ ముగిసేలోగా ఆ ప్రాణి గుండెల్లో మేకు దిగాల్సిందే. ఇదే బేరం అదే కాలంలో చట్టంలోనూ కుదిరింది. ఆ చట్టం మన హైదరాబాదు దాకా వచ్చింది, నిన్నమొన్నటి దాకా బతికింది. అందుకే ఈ మాట ఇక్కడ, మీ ముందు చెప్పాలనుకున్నాను.

ముందు కథ. జోసెఫ్ షెరిడాన్ లె ఫాను డబ్లిన్ రచయిత, 1814లో పుట్టాడు, 1873లో పోయాడు. భార్య చనిపోయాక మనుషుల్లోకి రావడం బాగా తగ్గించాడు. కంటికి కనబడని రాజకుమారుడని ఊళ్లోవాళ్లు ఆయనకు పేరు పెట్టారు. ఆయన నవలిక 'కార్మిల్లా' 1871 డిసెంబరు నుంచి 1872 మార్చి దాకా 'ది డార్క్ బ్లూ' అనే పత్రికలో ధారావాహికగా వచ్చింది. 'డ్రాకులా'కు పాతికేళ్లు ముందన్నమాట.

ఆస్ట్రియాలోని స్టిరియా ప్రాంతంలో, అడవి మధ్య కోటలో లారా అనే పిల్ల ఉంటుంది. తల్లి లేదు. తండ్రి ఆస్ట్రియా కొలువులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఇంగ్లీషువాడు. ఈడు పిల్లలెవరూ దగ్గర్లో లేరు. ఒక వెన్నెల సాయంత్రం ఆ దారిన పోతున్న బండి బోల్తా పడుతుంది. అందులోని పెద్దావిడ తనకు ఆగడానికి వీల్లేదని చెప్పి, స్పృహ తప్పిన కూతుర్ని మూడు నెలలు ఉంచుకోమని అప్పగించి వెళ్లిపోతుంది. ఆ కూతురే కార్మిల్లా. లారా ఆమె ముఖం చూసి ఉలిక్కిపడుతుంది. ఆరేళ్లప్పుడు ఒక రాత్రి తన మంచం పక్కన చూసిన ముఖమే అది. నువ్వూ నా కలలోకి వచ్చావని కార్మిల్లా కూడా అంటుంది.

తర్వాత వచ్చే పేజీలు ఎన్నిసార్లు చదివినా నాకు తనివి తీరదు. కార్మిల్లా మధ్యాహ్నం దాటితే గానీ లేవదు. నాలుగడుగులు వేస్తే అలసిపోతుంది. లారా చెయ్యి పట్టుకుని, జుట్టు నిమిరి, చెంప మీద ముద్దుపెట్టి, నువ్వు నాదానివి అన్న ధోరణిలో మాట్లాడుతుంది. లారాకు ఆ దగ్గరితనం ఇష్టంగానూ ఉంటుంది, ఒళ్లు జలదరించేలానూ ఉంటుంది. రెండూ ఒక్కసారే కలుగుతున్నాయని దాచకుండా చెబుతుంది. ఒక చోట ఆమెకు వచ్చిన అనుమానం చూడండి: నా మీద మనసుపడ్డ కుర్రవాడెవడైనా ఆడవేషం కట్టి మా ఇంట్లో చేరాడా? ఆడపిల్ల తనను ప్రేమిస్తోందని అనుకోవడానికి ఆమె దగ్గర మాట లేదు, కథ లేదు. ఊహలో కూడా ఒక మగవాణ్ణి తెచ్చుకుంటే తప్ప ఆ ప్రేమ ఆమెకు అర్థం కాదు. కాసేపటికి ఆ ఊహా నిలబడదు. కార్మిల్లా తీరులో మగతనం ఏమీ లేదని లారాకే తెలుసు. పిశాచి అన్న మాట కథలోకి ఇంకా రాకముందే లె ఫాను ఈ సంగతి రాసి పెట్టాడు. ఆ కాలపు నవలల్లో ఇంత నిజాయితీగా రాసినవి తక్కువ.

ఇంకో ఘట్టం దగ్గర కాస్త ఆగాలి. తాయెత్తులు అమ్ముకుంటూ, గారడీలు చేస్తూ తిరిగే ఒక గూనివాడు కోట ముంగిట్లోకి వస్తాడు. కిటికీలో నిలబడ్డ కార్మిల్లాను చూసి, అమ్మాయిగారి పన్ను సూదిలా ఉంది, నా దగ్గర ఆకురాయి ఉంది, అరగదీసి గుండ్రంగా చేస్తానంటాడు. కార్మిల్లాకు మండిపోతుంది. మా నాన్న దగ్గరైతే వీణ్ణి కట్టేసి కొరడాలతో కొట్టించేవాడని అంటుంది. ఇక్కడ రెండు విషయాలున్నాయి. కార్మిల్లా దొరల బిడ్డ. ఆమె నెత్తురు తాగి చంపేది ముందుగా పల్లె పిల్లల్ని, కూలివాళ్ల బిడ్డల్ని. ఆ సంగతి మరిచిపోయి ఆమెను కేవలం ప్రేమికురాలిగా కొలిచే చదువు నాకు సరిపడదు. రెండోది ఆ పన్ను. తెలంగాణ పల్లెల నుంచి వచ్చినవాళ్లకు బాణామతి అంటే వివరించనక్కర్లేదు. చేతబడి చేశారని అనుమానం వస్తే మంత్రం పలకకుండా ముందు పళ్లు ఊడగొట్టేవాళ్లు. తేడాగా కనబడే మనిషి నోటి మీదికే ఊరి చెయ్యి మొదట ఎందుకు పోతుందో ఆలోచించండి. పన్ను పోతే కాటు పోతుంది, మాటా పోతుంది.

కార్మిల్లా చివరికి ఏమైంది? ఆమె నూటయాభై ఏళ్ల కిందట చనిపోయిన మిర్కల్లా కార్న్‌స్టైన్ అనే దొరసాని అని తేలుతుంది. 1698 నాటి ఆమె చిత్రపటం లారా ఇంట్లోనే ఉంది, ముఖం అచ్చం అదే. మగవాళ్లు, అధికారులు, వైద్యులు కలిసి సమాధి తవ్వుతారు. గుండెలో మేకు దించి, తల నరికి, కాల్చి, బూడిద ఏట్లో కలుపుతారు. ఈ తంతుకు లారాను తీసుకుపోరు. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం నివేదిక నకలు, హాజరైనవాళ్ల సంతకాలతో సహా, తండ్రి దగ్గర ఉంటుంది. లారా ఆ కాగితం చూసి మనకు చెబుతుంది. తనను ప్రేమించిన మనిషి చావు ఆమెకు దక్కింది ఒక సర్కారు కాగితంగా. కార్మిల్లా కథ కార్మిల్లా చెప్పదు. లారా చెబుతుంది, లారా రాసిందాన్ని ఒక డాక్టరు దస్త్రంలో దాస్తాడు, మనం చదివేనాటికి లారా కూడా పోయింది. ఇన్ని చేతులు మారాక గానీ ఆ ప్రేమ అచ్చుకు నోచుకోలేదు.

ఇది లె ఫాను ఒక్కడి దారి కాదు. 1816లో అచ్చయిన కోల్‌రిడ్జ్ అసంపూర్ణ కావ్యం 'క్రిస్టబెల్'లో కూడా అర్ధరాత్రి అడవిలో కనబడిన అపరిచిత స్త్రీని కోట యజమాని కూతురు తన పడకగదికి తెచ్చుకుంటుంది. 1819లో అచ్చయిన పోలిడోరి 'ది వాంపైర్'లో ఒక కుర్రవాడు లార్డ్ రుత్వెన్ అనే పెద్దమనిషి ఆకర్షణలో పడి దేశాలు తిరుగుతాడు. ఆ పెద్దమనిషిలో కవి బైరన్ పోలికలున్నాయని అందరికీ తెలుసు. పోలిడోరి బైరన్ దగ్గర వైద్యుడిగా ఉన్నవాడు. ఇక 1897లో బ్రామ్ స్టోకర్ 'డ్రాకులా'. కోటలో ముగ్గురు పిశాచ స్త్రీలు జోనాథన్ హార్కర్ మీదికి వంగినప్పుడు, కౌంట్ వచ్చి వాళ్లను తోసేసి ఈ మగవాడు తనవాడంటాడు. ఆ ఒక్క మాట అని రచయిత వెంటనే తలుపు మూసేస్తాడు. అంతకు రెండేళ్ల ముందే, 1895 మే 25న, లండన్ కోర్టు ఆస్కార్ వైల్డ్‌కు రెండేళ్ల కఠిన శిక్ష వేసింది. వైల్డ్ కూడా డబ్లిన్ వాడే. స్టోకర్ భార్య ఫ్లారెన్స్‌ను పెళ్లికి ముందు ఇష్టపడినవాడు. ఆ శిక్ష నీడ 'డ్రాకులా' మీద ఉందని వాదించే విమర్శకులతో నేను ఏకీభవిస్తాను.

ఇప్పుడు చట్టం సంగతి. 'కార్మిల్లా' మొదటి భాగం అచ్చులోకి రావడానికి రెండు నెలల ముందు, 1871 అక్టోబరులో, బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. తర్వాతి రూపాల్లో ఎరుకలను, ఇంకా ఎన్నో సంచార కులాలను పుట్టుకతోనే దొంగలుగా ముద్ర వేసిన చట్టంగా తెలుగువాళ్లకు అది తెలుసు. అందులో రెండో భాగం ఒకటుందని తెలిసినవాళ్లు తక్కువ. అది హిజ్రాల మీద. పిల్లల్ని ఎత్తుకుపోతారని, లేదా 'ప్రకృతి విరుద్ధ' సంబంధాలను నేరంగా చూసిన 377వ సెక్షన్ కింద నేరం చేస్తారని అనుమానం ఉంటే చాలు, పేరు, ఇల్లు, ఆస్తి రిజిస్టరులో ఎక్కించాలి. అలా ఎక్కినవాళ్లు ఆడవేషంతో, నగలతో వీధిలో కనబడినా, ఆడినా పాడినా, వారంటు లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ల దాకా జైలు. వీధి నుంచి చూసేవాళ్లకు కనబడాలన్న ఉద్దేశంతో సొంతింట్లో అలా నిలబడినా నేరమే. అంటే కిటికీ దగ్గర కూడా నిలబడకూడదు. పదహారేళ్లలోపు మగపిల్లవాణ్ణి ఇంట్లో ఉంచుకోకూడదు. దత్తత చేసుకోకూడదు, వీలునామా రాయకూడదు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. నవలలో ఏం భయం? బయటి నుంచి వచ్చిన ఒక ప్రాణి మన పిల్లను మరిపించి తనలాగా మార్చేస్తుందని. చట్టంలోనూ అదే భయం, వీళ్లు మన పిల్లల్ని ఎత్తుకుపోయి తమలాగా చేస్తారని. లె ఫాను ఆ చట్టం చదివాడని నేననడం లేదు, అవసరం కూడా లేదు. ఒకే సామ్రాజ్యం ఒకే కాలంలో ఒకే భయాన్ని ఒక చోట కథగా, ఇంకో చోట సెక్షన్లుగా రాసుకుంది. కథలో ఆ ప్రాణికి కాస్త సొగసు, కాస్త దుఃఖం, ఒక చిత్రపటం దక్కాయి. చట్టంలో మిగిలింది రిజిస్టరు.

నిజాం హైదరాబాదు ఆ చట్టాన్ని చూసి 1329 ఫసలీలో, అంటే 1919లో, తనదీ ఒకటి చేసుకుంది. అదే రిజిస్టరు, అదే ఆడవేషం నేరం, అదే వారంటు లేని అరెస్టు. నేరస్థ తెగల చట్టం 1952లో పోయింది. నిజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి, తెలంగాణ వచ్చింది. ఈ చట్టం మాత్రం పుస్తకాల్లో అలాగే ఉంది. వైజయంతి వసంత మొగ్లి తదితరులు 2018లో హైకోర్టుకెక్కితే, 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛను ఇవ్వాలని కూడా చెప్పింది. నూట నాలుగేళ్లు! 2014లో సుప్రీంకోర్టు తృతీయ ప్రకృతిని గుర్తించాక, 2018 సెప్టెంబరు 6న 377ను సవరించి చదివాక కూడా ఈ కాగితం ప్రాణంతోనే ఉంది. భయమూ ప్రాణంతోనే ఉంది. 2018 మేలో వాట్సాప్‌లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న పుకారు లేచినప్పుడు, హైదరాబాదు చాంద్రాయణగుట్టలో గుంపు కొట్టిన దెబ్బలకు ఒక హిజ్రా చనిపోయింది. 1871లో రాసుకున్న అనుమానమే అది, అక్షరం తేడా లేకుండా.

ఇక ముంబయిలోని మన కామాటిపుర. ఈ నగరం గోడలు లేపడానికి నిజాం ఇలాకా నుంచి, తెలుగు పల్లెల నుంచి వచ్చిన కామాటీల పేరు మీద వెలిసిన పేట అది. ఆ గల్లీల్లోనే పందొమ్మిదో శతాబ్దం చివరికి వేశ్యావాటిక స్థిరపడింది. 1868 నాటి అంటురోగాల చట్టం అక్కడి ఆడవాళ్ల పేర్లూ రిజిస్టరులో ఎక్కించి బలవంతపు వైద్యపరీక్షలు చేయించింది. 1888లో అది రద్దయినా ముద్ర పోలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కర్సెట్జీ శుక్లాజీ వీధిని సఫేద్ గల్లీ అనేవారు, ఐరోపా స్త్రీలు, ఎక్కువగా తూర్పు ఐరోపా నుంచి వచ్చినవాళ్లు, అక్కడ ఉండేవాళ్లు కనుక. లండన్ రచయితలు ఏ దేశాలను పిశాచాల పుట్టిల్లుగా ఊహించుకున్నారో ఆ దిక్కు నుంచి వచ్చిన పేద ఆడవాళ్లు మన తెలుగు మేస్త్రీల పక్క గల్లీలో బతికారు. వాళ్ల కథలూ వాళ్ల నోట రాలేదు. పోలీసు కాగితాల్లోనే ఉన్నాయి.

ఆ పేటలో పుట్టి పెరిగిన తెలుగు కుటుంబాలకు ఈ ముద్ర బరువు తెలుసు. పెళ్లిచూపులప్పుడు, ఉద్యోగం దరఖాస్తులో, ఇల్లెక్కడంటే ముంబయి సెంట్రల్ అనో నాగపాడా అనో చెప్పడం అలవాటు. చిరునామా దాచుకోవడమంటే ఏమిటో తెలిసిన మనవాళ్లకు కార్మిల్లా పేరు మార్చుకుంటూ తిరగడం అర్థం కాకపోదు. మిర్కల్లా, మిల్లార్కా, కార్మిల్లా. అవే అక్షరాలు అటూ ఇటూ చేసుకుని బతికింది ఆమె.

ఒక తేడా మాత్రం పెద్దది. గోథిక్ నవలకు ఖాళీ గదులు కావాలి. పది బై పది ఖోలీలో అమ్మా నాన్నా, అన్నా వదినా, ఊరినుంచొచ్చిన మేనమామ, రాత్రి పాళీ చేసి పగలు పడుకునే మిల్లు కార్మికుడు. వాడలో అందరికీ ఒకే నల్లా. అక్కడ గడియ పెట్టుకునే గది ఎవరికుంది? కోట చీకటి లేనివాళ్లు ఇంకో చీకటి వెతుక్కున్నారు. లోకల్ రైలు పెట్టె, చౌపాటీ ఇసుక, పీలా హౌస్ దగ్గరి టాకీసులు. ఆల్ఫ్రెడ్, గుల్షన్ లాంటి ఆ పాత హాళ్లలో చౌకగా టికెట్ కొంటే మూడు గంటల చీకటి దొరికేది. ఆ రోజుల్లోనే రామ్సే సోదరులు 'పురానా మందిర్', 'బంద్ దర్వాజా' తీశారు. డ్రాకులా కోటను, శవపేటికను, గబ్బిలాలను తెచ్చారు. కార్మిల్లాను తేలేదు. తెర మీద రాని ప్రేమ తెర ముందు కుర్చీల్లో కూర్చునే ఉంది. 1990లో అశోక్ రావ్ కవి 'బాంబే దోస్త్' పత్రిక మొదలుపెట్టేదాకా ఈ నగరంలో ఆ ప్రేమకు అచ్చులో సొంత చోటు లేదు.

మరి మన సాహిత్యంలో రాత్రి ప్రాణి ఎలా ఉంది? చందమామలో బేతాళ కథలకు శంకర్ వేసిన బొమ్మ మీకందరికీ గుర్తే. భుజాన శవం, చేతిలో కత్తి. రిచర్డ్ బర్టన్ 1870లో ఆ కథల్ని ఇంగ్లీషులో తిరగరాసి బేతాళుణ్ణి వాంపైర్‌గా లండన్‌కు పరిచయం చేశాడు. మన బేతాళుడు నెత్తురు తాగడు. రాజు వీపున కూర్చుని చెవిలో కథ చెబుతాడు, న్యాయం అడుగుతాడు, చివర్లో భిక్షువు కుట్ర చెప్పి రాజు ప్రాణం కాపాడతాడు. ఎవరూ అతని గుండెలో మేకు దించరు. ఇంకా వెనక్కి వెళ్తే గుణాఢ్యుడు. శాతవాహన రాజు ఆస్థానం వదిలి అడవికి పోయి, పైశాచి భాషలో, సిరా లేక సొంత నెత్తురుతో ఏడు లక్షల శ్లోకాల బృహత్కథ రాశాడని ఐతిహ్యం. పిశాచాల భాష, పైగా నెత్తురుతో రాసింది అని రాజు కాదన్నాడు. గుణాఢ్యుడు నిప్పు రాజేసి ఒక్కో ఆకూ చదువుతూ మంటలో వేస్తుంటే, జంతువులు మేత మాని చుట్టూ చేరి విన్నాయి. రాజు తెలుసుకుని పరుగెత్తుకొచ్చేసరికి లక్ష శ్లోకాలే మిగిలాయి. మన కథావాఙ్మయానికి తల్లివేరు ఆ మిగిలిన లక్షే. పిశాచి కథ చెప్పగలదని, దాన్ని కాల్చుకుంటే నష్టం రాజుకేనని తెలిసిన సంప్రదాయం మనది.

ఇంతటితో మన గొప్ప చెప్పుకుని ఊరుకుంటే అబద్ధమవుతుంది. ఎల్లమ్మ జాతరలో జోగప్ప కాళ్లకు మొక్కుతాం, తెల్లారి అదే మనిషి గది అద్దెకడిగితే లేదంటాం. బోనాల్లో పూనకం వచ్చిన శివసత్తిని భవిష్యవాణి అడుగుతాం, పెళ్లి పంక్తిలో పక్కన కూర్చోనివ్వం. రాత్రికి, పూనకానికి, జాతరకి మాత్రమే చోటివ్వడం మన గోథిక్.

ఈ బేరాన్ని తెంచిన పుస్తకం తెలుగులో ఉంది. ఎ. రేవతి తన జీవితం తానే రాసుకుంది. పి. సత్యవతి గారు దాన్ని 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగు చేశారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. దాంట్లో పొగమంచు లేదు. ఇల్లు, అన్నల దెబ్బలు, పోలీసు స్టేషను, గురువు, ఆస్తి పంపకం, అమ్మ మీద బెంగ, అన్నీ పట్టపగటి వెలుతురులో ఉన్నాయి. లారా రాయాల్సి వచ్చినట్టు ఇంకొకరు రాసిపెట్టింది కాదు. కార్మిల్లాకు నోరు ఉండి ఉంటే ఏం చెప్పేదో తెలియాలంటే ఈ పుస్తకం చదవాలి.

అందుకని నిర్వాహకులకు, ఇక్కడున్న తెలుగు సంఘాల పెద్దలకు నా మనవి. 'కార్మిల్లా'ను కోతలు లేకుండా మంచి తెలుగులో తేవడానికి ఈ స్మారక నిధి నుంచి ఎవరికైనా సాయం చేయండి. మీ గ్రంథాలయాల బీరువాల్లో దాని పక్కనే రేవతి పుస్తకం పెట్టండి. తాళం వేయని బీరువాలో పెట్టండి. మన వాడల్లో ఉంటూ బోనాలప్పుడు మన ముందు ఆడే హిజ్రాలకు, జోగప్పలకు మీ హాలు పగటిపూట కూడా తెరవండి. వచ్చే ఏడాది ఈ ఉపన్యాసం ఇవ్వడానికి వాళ్లలో ఒకరిని పిలవండి. వాళ్ల గురించి మేం చాలాకాలం మాట్లాడాం, ఇక వాళ్లను మాట్లాడనివ్వండి. ఆ రోజు శ్రోతల్లో మొదటి వరసలో కూర్చోవడానికి నేను వస్తాను, మీరూ రండి.